పాత ఫియట్‌లో అరిగిన ఒరిజినల్ భాగాలు: బాగుచేయించాలా, మార్చాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను. మీ తాతగారు 1968లో కొన్న ఫియట్ 1100 డిలైట్ పద్నాలుగేళ్లుగా తెనాలిలో రేకుల షెడ్డు కింద కదలకుండా ఉంది. విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చి చూసిన ఒక మేస్త్రి అరిగినవన్నీ తీసేసి కొత్తవి వేసేద్దామన్నారు. మరొకరు ఏకంగా ఇంజినే దించేసి డీజిల్ ఇంజిన్ పెట్టుకోమన్నారు. మీకేమో తాతగారి చేతిలో నడిచిన భాగాలు వీలైనన్ని కారులోనే మిగలాలని ఉంది. ఏవి బాగుచేయించాలో, ఏవి మార్చాలో చెప్పమని అడిగారు.

ఈ కార్లతో నాకు ముప్పై ఏళ్ల పరిచయం ఉంది. ఇద్దరు మేస్త్రుల మాటా నేను తీసుకోను. కానీ ప్రతి పాత ముక్కనూ పట్టుకుని వేలాడమని కూడా చెప్పను. ఏ భాగాన్ని విప్పినా నేను మొదట చూసేది ఒక్కటే: అరుగుదల ఆ భాగం ఒంటికి తగిలిందా, లేక అరగడానికనే అందులో పెట్టిన బుష్షుకో (కడ్డీ తిరిగే చిన్న లోహపు గొట్టం), లైనరుకో (లోపలి తొడుగు), వాల్వు ఆనే సీటుకో తగిలిందా అని. ఆ రోజుల్లో ఇంజనీర్లు కార్లను ఈ లెక్కతోనే గీశారు. పోత పోసిన ఒళ్లు, సుత్తి దెబ్బతో తయారైన ఇరుసు దశాబ్దాల పాటు ఉండాలని, వాటి మధ్య తిరిగే చిన్న ఇత్తడి, కంచు ముక్కలు మాత్రం కొన్ని వేల కిలోమీటర్లకోసారి మారాలని వారి ఉద్దేశం. బుష్షు అరిగిందని మొత్తం భాగాన్ని పారేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిదే. ఒళ్లే పగిలిపోయినా, తుప్పు లోతుగా తినేసినా మాత్రం అభిమానాన్ని పక్కనపెట్టి మార్చవలసిందే.

'కొత్తది' అన్న మాటను కూడా కాస్త అనుమానంగా చూడండి. ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఈ కారును 1964 నుంచి డిలైట్ పేరుతోనూ, ఆ తరువాత ప్రెసిడెంట్, పద్మిని పేర్లతోనూ తయారుచేశారు. కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి తయారీ ఆగిపోయింది. ఆ తరువాత విడిభాగాల బజారును చాలాకాలం నిలబెట్టింది ముంబయి టాక్సీలే. చివరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఈ రోజు దుకాణంలో కొత్త డబ్బాలో కనిపించేది కంపెనీ మిగులు సరుకు కావచ్చు, నిన్నగాక మొన్న ఏదో చిన్న షెడ్డులో పోసిన నకలూ కావచ్చు. డబ్బా చూసి ఆ రెండింటిలో ఏదో చెప్పలేం. చేతిలోకి తీసుకుని బరువు, మందం చూసి, అంచుల మీద వేలు నడిపితేనే తెలుస్తుంది. ఇంకో మాట: పద్మినికి సరిపోయే ప్రతిదీ డిలైట్‌కు సరిపోదు. యాంత్రిక భాగాలు చాలావరకు కలుస్తాయి కానీ, ముందు గ్రిల్లు వంటి పైకి కనిపించే వస్తువుల్లో తేడాలున్నాయి.

మీ మేస్త్రి మొట్టమొదట మార్చేద్దామనే వస్తువు నా అంచనా ప్రకారం పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే సోలెక్స్ కార్బ్యురేటరే అవుతుంది. అందుకని దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. దాన్ని విప్పి బల్ల మీద పెట్టి, అడుగున థ్రాటిల్ పళ్లెం (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే మూత) బిగించి ఉన్న సన్నని కడ్డీ కొసను బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. పాత కార్లలో నూటికి తొంభైపాళ్లు అది టకటకమని ఆడుతుంది. ఆ సందులోంచి లోపలికి దొంగగాలి వస్తుంది. దానివల్ల ఐడిలింగ్, అంటే బండి నిలిచి ఉన్నప్పటి ఇంజిన్ వేగం, ఒక్కచోట నిలవదు. ఇంజిన్ ఒక నిమిషం పరుగెత్తి, మరో నిమిషం ఆగిపోబోతుంది. మేస్త్రి జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలున్న ముక్కలు) మార్చి, మిక్చర్ స్క్రూ తిప్పి తిప్పి విసిగిపోయి, చివరికి 'కార్బ్యురేటర్ పోయింది' అంటాడు. నిజానికి పోయింది ఆ కడ్డీ, అది తిరిగే రంధ్రం, అంతే. నేర్పున్న లేత్ పనివాడు ఆ రంధ్రాన్ని రీమరుతో (కచ్చితమైన కొలతకు తొలిచే పనిముట్టు) గుండ్రంగా పెద్దది చేసి, రెండు వైపులా కంచు బుష్షులు కొట్టి, కొత్త కడ్డీ తిప్పి ఇస్తాడు. రెండు బుష్షులూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో, థ్రాటిల్ పళ్లెం మూసుకున్నప్పుడు వెలుతురుకు పట్టి చూస్తే అంచు చుట్టూ కాంతి సమానంగా ఉందో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. బజారులో దొరికే నకళ్లలో జెట్ రంధ్రాల కొలత కాయకో తీరుగా ఉంటుంది. ఆ తలనొప్పి కంటే మీ పాత కార్బ్యురేటర్ ఒళ్లే ఎంతో నయం. లోపలి డయాఫ్రమ్, గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వు మాత్రం ఆలోచించకుండా కొత్తవి వేయండి.

ఆలోచించకుండా అనడానికి కారణముంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1968 నాటి రబ్బరు గొట్టాలకు, పంపు డయాఫ్రమ్‌కు, కార్కు గ్యాస్కెట్లకు అది పడదు. అవి ఉబ్బి, మెత్తబడి, ముక్కలై జెట్లలో కూర్చుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారు నెలల తరబడి నిలిచి ఉంటే ట్యాంకులో తుప్పు కూడా పెరుగుతుంది. అందువల్ల ఇంధనం తగిలే రబ్బరంతా విటాన్ వంటి ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చండి. ఇక్కడ ఒరిజినల్ అన్న పట్టింపుకు చోటు లేదు. గొట్టం కారితే బండే కాలిపోతుంది. పెచ్చులూడుతున్న పాత వైరింగుకూ ఇదే మాట వర్తిస్తుంది.

ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు కథ కూడా కార్బ్యురేటర్ కథలాంటిదే. షాఫ్టు పక్కకు ఊగుతుంటే పాయింట్ల (కరెంటును తెంచి కలిపే కొసల) గ్యాపు ప్రతి చుట్టుకూ మారిపోతుంది. అప్పుడు మీరెంత జాగ్రత్తగా ఫీలర్ గేజీతో (సందులు కొలిచే పలుచని రేకులు) సర్దినా నిప్పురవ్వ పడే టైమింగు నిలవదు. నూనె పీల్చుకునే రకం కంచు బుష్షు తెచ్చి, ఒక రాత్రంతా ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి కొట్టిస్తే సరిపోతుంది. రోటరు, కండెన్సరు విషయంలో మాత్రం పాత కంపెనీ సరుకు దొరికితే రెండు జతలు కొని దాచుకోండి.

ఇక ఇంజిన్. దీని బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 68 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75 మిల్లీమీటర్లు; మొత్తం 1089 సి.సి. పోత ఇనుము బ్లాకు, దాని మీద మూతలా అల్యూమినియం హెడ్డు. బ్లాకు పగలనంత వరకు దాన్ని పారేయవలసిన పని లేదు. బోరు ఎంత అరిగిందో తెలుసుకోవడానికి ఖరీదైన గేజీ కూడా అక్కర్లేదు. పిస్టన్లు బయటికి తీశాక ఒక రింగును సిలిండరులో పైభాగాన, రింగులు తిరిగే చోట పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి, రింగు కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజీతో కొలవండి. తరువాత అదే రింగును సిలిండరు అడుగున, రింగులు చేరని చోటికి నెట్టి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసం ఎంత పెరిగిందో వస్తుంది. ఉదాహరణకు పైన 0.75, కింద 0.30 వచ్చిందనుకోండి, తేడా 0.45, అంటే బోరు సుమారు 0.14 మిల్లీమీటర్లు అరిగినట్టు. ఆ స్థాయిలో కొత్త రింగులు వేసి సరిపుచ్చడం డబ్బు దండగ. బోరు చేయించి, అంటే సిలిండరును కాస్త పెద్దగా తొలిపించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. తేడా అందులో మూడో వంతు లోపే ఉండి, గోడ మీద గీతలు లేకపోతే హోనింగ్ (గోడను సానరాయితో సన్నగా రుద్దడం) చేయించి రింగులు మారిస్తే చాలు.

బోరు చేయించమంటే మన దగ్గర కొందరు నేరుగా చివరి సైజుకు తినేస్తారు, పని సులువని. దానికి ఒప్పుకోకండి. అరుగుదల పోయేంత వరకే, దొరికే సైజుల్లో అతి చిన్నదానికే చేయించాలి. తరువాతి తరానికి బ్లాకులో లోహం మిగిలి ఉండాలి కదా. 0.6 మిల్లీమీటర్లు పెంచినా ఇంజిన్ 1109 సి.సి. దగ్గరే ఆగుతుంది కాబట్టి నడకలో తేడా ఏమీ తెలియదు. ఇదివరకే చివరి సైజుకు చేరి ఉంటే స్లీవులు (లోపలి లోహపు గొట్టాలు) దిగ్గొట్టించి మళ్లీ 68కి తెచ్చుకోవచ్చు. పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టుకూ ఇదే పద్ధతి: అది బేరింగుల్లో తిరిగే చోట్లయిన జర్నళ్లను రెండు దిక్కుల్లో మైక్రోమీటరుతో కొలిపించి, అండాకారం తేలితేనే గ్రైండింగ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేయాలి. బేరింగు షెల్లులు ఎలాగూ కొత్తవే.

హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల గురించి ఒక మాట చెప్పాలి. ఈ ఇంజిన్‌ను సీసం కలిసిన పెట్రోలు రోజుల్లో రూపొందించారు. ఆ సీసమే సీట్ల మీద పొరలా పేరుకుని వాటిని కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అల్యూమినియం హెడ్డు కనుక సీట్లు ఎలాగూ విడిగా దిగ్గొట్టినవే. కాబట్టి హెడ్డు విప్పినప్పుడే ఎగ్జాస్ట్ సీట్లను గట్టి రకానికి మార్పించి, వాల్వు కడ్డీలు జారే గైడ్లు కూడా కొత్తవి వేయించండి. హెడ్డు మాత్రం మీదే ఉండాలి. నీటి దారుల దగ్గర తుప్పు గుంటలుంటే అల్యూమినియం వెల్డింగ్ బాగా తెలిసినవాడితో నింపించి, ముఖం సమం చేయించవచ్చు.

నేను కఠినంగా ఉండే చోటు కింగ్ పిన్నులు, అంటే ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీలు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే పక్కవారిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఊగడం ఆగితే అది చక్రం బేరింగు. ఆగకపోతే కింగ్ పిన్ను. చక్రాన్ని మోసే చిన్న ఇరుసు, అంటే స్టబ్ యాక్సిల్, ఒళ్లు బాగుంటే దాన్ని ఉంచుకుని పిన్ను, బుష్షులు కొత్తవి వేయాలి. పైబుష్షు, కిందిబుష్షు రెండింటిలోంచీ ఒకేసారి వెళ్లే పొడవాటి రీమరుతోనే సైజు చేయించాలి. విడివిడిగా చేస్తే పిన్ను బిగుసుకుని స్టీరింగు రాయిలా తయారవుతుంది. అరిగిన పిన్ను మీద వెల్డింగుతో లోహం పోసి, మళ్లీ గ్రైండింగ్ చేసి ఇస్తామనేవారు ఇప్పటికీ ఉన్నారు. వద్దు. స్టీరింగు, సస్పెన్షన్ భాగాల్లో వేటి మీదా వెల్డింగు మెరుపు పడకూడదు. ఆ వేడికి ఉక్కు గుణం మారిపోతుంది, పగులు లోపల మొదలై పైకి కనిపించదు. స్టబ్ యాక్సిల్‌ను బాగా కడిగి, రంగు ద్రవం పూసి పగుళ్లు చూసే పరీక్ష చేయించండి. సన్నని ఎర్ర గీత ఒక్కటి కనిపించినా అది ఎంత ఒరిజినల్ అయినా ఇనుప సామాన్ల బండికి వెళ్లవలసిందే. స్టీరింగు కడ్డీల కొసల్లోని కీళ్లయిన టై రాడ్ ఎండ్లు అరిగితే వాటిని బాగుచేయించే ఆలోచనే పెట్టుకోకండి.

బ్రేకుల దగ్గర పాత, కొత్త కలిసి పనిచేస్తాయి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పద్నాలుగేళ్లు నిలిచిన కారులో బ్రేకు నూనె నీటిని పీల్చుకుని, పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరు లోపలి గోడను చీడ పట్టినట్టు తినేసి ఉంటుంది. అటువంటి సిలిండరును పారేయకుండా బోరు చేయించి, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు దిగ్గొట్టించి అసలు సైజుకు తేవచ్చు. పాతికేళ్ల కిందట నేను ఈ తొందరపాటే చేశాను. నా మొదటి ఫియట్ మాస్టర్ సిలిండరు కారుతోందని ఊరి దుకాణంలో కొత్తది కొని వేసి, పాతది పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. నాలుగు నెలలకు ఒక దిగుడులో పెడల్ నేలకు ఆనింది. హ్యాండ్ బ్రేకు పుణ్యాన గట్టు పక్కన ఆగాను. విప్పి చూస్తే కొత్తదాని లోపలి గోడ మీద లేత్ గీతలు గోటికి తగులుతున్నాయి. రబ్బరు కప్పులను అవే కొరికేశాయి. పారేసిన పాతదాన్ని తలచుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు. కప్పులు, హోసు పైపులు, బ్రేకు నూనె మాత్రం ఎప్పుడూ కొత్తవే. లైనింగులు పోతే పాత షూల మీదే కొత్త లైనర్లు అతికించుకోవచ్చు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ము విప్పగానే గాలిపైపుతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి.

బాడీ సంగతి. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే వెన్నెముక. తలుపుల కింద నడిచే పెట్టె భాగం, నేల, వెనక పట్టీల స్ప్రింగులు తగిలించే కొక్కేల చోటు: ఈ మూడింటినీ స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, దబ్బుమంటే లోపల తుప్పు. తుప్పు పట్టినంత మేర కత్తిరించి, అంతే మందం రేకుతో అతుకు వేసి వెల్డింగ్ చేయించాలి. పుట్టీతో పూడ్చి రంగు కొట్టించడం టింకరింగ్ కాదు, మోసం. తలుపుల కింది పెట్టెను కోసే ముందు తలుపుల చట్రాల మధ్య లోపల కడ్డీలు బిగించకపోతే బాడీ కుంగి తలుపులు మళ్లీ పడవు. బంపర్లను పారేసి మెరిసే కొత్తవి కొనకండి. పాత బంపరు రేకు మందం, కొత్త నకలు రేకు మందం చేత్తో పట్టి చూస్తేనే తెలిసిపోతుంది. సొట్టలు తీయించి, రాగి, నికెలు, క్రోమియం పూతలు వరుసగా వేయించుకోండి. అద్దాల చుట్టూ రబ్బరు బీడింగు మాత్రం కొత్తది. సీట్లు మీ ఇష్టం.

రేడియేటరుకు పై ట్యాంకు, కింది ట్యాంకు ఇత్తడివి ఉంచుకుని మధ్యలోని సన్నని గొట్టాల కోరు మార్పించండి. బ్యాటరీ చార్జి చేసే డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టుకోవాలనుకుంటే నేను అభ్యంతరం చెప్పను. బ్రాకెట్టు కోసం బ్లాకుకు కొత్త రంధ్రాలు వేయకుండా, రేపు తీసేస్తే మళ్లీ మునుపటిలా అయ్యే పద్ధతిలో పెట్టించండి. పాత డైనమోకు బ్రష్షులు, బుష్షు వేయించి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి.

డీజిల్ ఇంజిన్ సలహా మాత్రం వినకండి. మీ కారు వయసు ఇప్పటికే యాభై దాటింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత 'వీఏ' అని వస్తుంది, గడువు పదేళ్లు. ఆ నంబరుతో రోజూ తిరగకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, నిర్వహణకు, ఇంధనానికి మాత్రమే తీయాలి. ఆ దారిలో వెళ్లాలా వద్దా అన్నది మీ కుటుంబం తేల్చుకోవలసినది. అయితే ఈ రోజు ఇంజిన్ మార్చేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది, పైగా ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పు వేరే తంతు. మరమ్మతులో బ్లాకు మీది నంబరును, బాడీ మీది నంబరును గీకనివ్వకండి, వాటి మీద మందంగా రంగు పోయనివ్వకండి.

మార్చక తప్పని ప్రతి భాగానికీ పాతదాన్ని అడిగి వెనక్కి తెచ్చుకోండి. తారీఖు, ఎక్కడిదో, ఎందుకు తీశారో రాసిన చీటీ కట్టి పెట్టెలో వేయండి. పాత వాహనాల సంఘాల ప్రపంచ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టరు కూడా ఈ దారే చెబుతుంది: మార్చడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టడానికి మొగ్గు, మార్చిన భాగాల మీద పైకి కనబడకుండా చిన్న గుర్తు. నేనైతే కొత్త భాగం లోపలివైపు సంవత్సరం పంచ్ కొడతాను.

ప్రస్తుతానికి కారును ఆటోనగర్‌కు తోలించకండి, బ్యాటరీ తగిలించి స్టార్టరు నొక్కే ప్రయత్నమూ చేయకండి. నాలుగు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తరువాత ప్లగ్గులు పెట్టకుండానే ముందు పుల్లీని చేత్తో మెల్లగా తిప్పండి. తేలిగ్గా తిరిగితే పాత నూనె మార్చి, మంచి బ్యాటరీతో, ప్లగ్గులు విప్పే ఉంచి, పెట్రోలు కనెక్షన్ తీసేసి స్టార్టరుతో కొద్దిసేపు తిప్పించండి. ముందు పోసిన ఆయిల్ బయటికి చిమ్ముతుంది. ఆ తరువాత కంప్రెషన్ గేజీతో నాలుగు సిలిండర్లూ కొలిపించి, మళ్లీ ఒక్కో చెంచా ఆయిల్ పోసి రెండోసారి కొలిపించండి. రెండోసారి అంకె బాగా పెరిగిన సిలిండరులో రింగులో, బోరో అరిగినట్టు; పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. ఆ ఎనిమిది అంకెలు, తలుపుల కింది పెట్టె ఫొటోలు, కింగ్ పిన్ను ఊపి చూసిన ఫలితం రాయండి. హెడ్డు విప్పాలా వద్దా అన్నది అప్పుడు చెబుతాను.